పాప ముద్ద ఉమ్మేస్తోందా?

మా వాడలో ఒక కోడలు ఉంది. ఆమె బిడ్డకు తొమ్మిదో నెల. ఆడపిల్ల. ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉంటుంది. తిండి దగ్గరే పేచీ.

పాలబువ్వ పెడితే తింటుంది. పాలలో ముంచిన బిస్కెట్టు తింటుంది. ఇంకేం పెట్టినా నాలుకతో బయటికి నెట్టేస్తుంది. పప్పన్నం పెడితే ఉమ్మేసింది. గుడ్డు పెడితే మొహం అదోలా పెట్టింది. పాలకూర పెడితే అసలు నోరే తెరవలేదు.

"దానికి పడదే. ఎందుకు ఏడిపిస్తావు? బిస్కెట్టు పెట్టు" అంది అత్త.

కోడలు కూడా అదే నిజమనుకుంది. "మా పాపకు పప్పు ఇష్టం లేదు, గుడ్డు ఇష్టం లేదు" అని అడిగినవాళ్లకల్లా చెప్పింది.

అంగన్‌వాడీలో పాపను తూకం వేశారు. రెండు నెలల నుంచి బరువు పెరగలేదు. కార్డు మీద గీత పైకి పోవాలి. అది అడ్డంగా పోతోంది. కోడలికి అప్పుడు భయం పట్టుకుంది.

అక్కలారా, ఇలాంటి పిల్లలు ప్రతి వాడలో ఉంటారు. మన ఇంట్లోనూ ఉండొచ్చు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

పాలబువ్వ తింటోంది కదా, చాలదా?

ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు చాలు. మంచినీళ్లు కూడా అక్కర్లేదు. "మా కాలంలో నాలుగో నెలకే ఉగ్గు పెట్టాం" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అప్పట్లో డాక్టర్లు కూడా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెట్టమనేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు నిండాకే పెట్టమని చెప్పింది.

మరి ఆరు నెలల తర్వాత ఏమవుతుంది? బిడ్డ కడుపులో ఉన్నప్పుడే తల్లి నుంచి ఇనుము దాచుకుంటుంది. మన ఒంట్లో రక్తం పట్టడానికి ఈ ఇనుమే కావాలి. బిడ్డ మెదడు ఎదగడానికీ ఇదే కావాలి. ఆ దాచుకున్నది సుమారు ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఆవుపాలలో, గేదెపాలలో తక్కువ. తెల్లన్నంలోనూ తక్కువే.

ఇప్పుడు చూడండి. పాలబువ్వ తిన్న పాపకు పొట్ట నిండుతుంది. ఏడవకుండా పడుకుంటుంది. మనకూ నిశ్చింతగా ఉంటుంది. లోపల మాత్రం రక్తం తగ్గుతూ ఉంటుంది. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప, మాంసం ఏదో ఒకటి లోపలికి పోవాల్సిందే.

నాలుక ఎందుకు నెడుతుంది?

ఆరు నెలలు ఆ నాలుకకు తెలిసిన పని ఒక్కటే, పాలు చీకడం. చీకేటప్పుడు నాలుక ముందుకు వస్తుంది. నాలుక కొస మీద ముద్ద పెట్టినా అది అలాగే ముందుకు వస్తుంది. ముద్ద బయట పడుతుంది. మనం "ఉమ్మేసింది" అంటాం. ముద్దను వెనక్కి తీసుకుని మింగడం పాప కొత్తగా నేర్చుకోవాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇంకా పెద్ద పిల్లలైతే రుచి కొత్తగా ఉందని ఉమ్మేస్తారు. మొదటిసారి చింతకాయ కొరికినప్పుడు మన మొహం ఎలా పెట్టామో గుర్తుందా? తర్వాత అదే చింతకాయ కోసం చెట్టెక్కాం. పిల్లలకు కొన్ని రుచులు ఒక్కసారికే నచ్చుతాయి. కొన్ని నచ్చడానికి ఎనిమిదిసార్లు, పదిసార్లు రుచి చూడాలి. కొందరికి పదిహేనుసార్లు పడుతుంది. మనం రెండు మూడుసార్లకే విసిగి, "దీనికి పడదు" అని పేరు పెట్టేస్తాం.

నా పెద్దకొడుకు పప్పును ఇలాగే వెళ్లగొట్టేవాడు. మా అమ్మ రోజూ రెండు వేళ్లకు అంటినంత పప్పు వాడి నాలుకకు రాసేది. తింటే తిన్నాడు, లేకుంటే లేదు అన్నట్టు ఉండేది. కోపం లేదు, బతిమాలడం లేదు. పదకొండో రోజో పన్నెండో రోజో వాడే చెయ్యి పట్టి లాక్కున్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది గానీ అమ్మ చేసిందేమిటో అర్థం కాలేదు.

మా వాడ కోడలు ఏం చేసింది?

అంగన్‌వాడీ టీచరు ఆమెకు ఒక పని చెప్పింది. ఒక నెలపాటు కొత్తవి మూడే పెట్టమంది. పప్పు, గుడ్డు, గుమ్మడికాయ. మూడూ ఒక్కరోజే మొదలుపెట్టవద్దంది. ఒకటి మొదలుపెట్టి మూడు నాలుగు రోజులు చూడాలి. ఒంటి మీద దద్దుర్లు, మొహం వాపు, వాంతులు లాంటివి వస్తే ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఏమీ రాకుంటే తర్వాతది మొదలుపెట్టాలి.

కోడలు కిందటేడే రాయడం నేర్చుకుంది. వంటింట్లో క్యాలెండరు ఉంది. ఏ రోజు ఏం పెట్టిందో ఆ గడిలో రాసింది. పప్పుకు 'ప'. గుడ్డుకు 'గు'. గుమ్మడికి కూడా 'గు' వస్తుందని తర్వాత తెలుసుకుని, దానికి 'మ్మ' అని రాసింది!

రాయడం వల్ల ఒక లాభం కలిగింది. "ఎన్నిసార్లు పెట్టినా తినడం లేదు" అని అంతకుముందు అనేది. లెక్క చూస్తే పప్పు నాలుగుసార్లే పెట్టింది.

పాప పాలు తాగిన వెంటనే పెట్టలేదు. రెండు గంటలు ఆగి, కాస్త ఆకలి వేశాక పెట్టింది. ముందు కొత్తది ఒక చిన్న ముద్ద. తర్వాత పాపకు ఇష్టమైన పెరుగన్నం. కొన్ని రోజులు ఆ పెరుగన్నంలోనే పప్పు మెదిపి కలిపింది. బిస్కెట్లు మానిపించింది. అన్నం వేళకు అరగంట ముందు బిస్కెట్టు తింటే పాపకు ఇక ఆకలి ఎక్కడిది?

అత్తకు గుడ్డు దగ్గర అభ్యంతరం వచ్చింది. "గుడ్డు వేడి చేస్తుంది. ఏడాది దాకా వద్దు" అంది.

"అత్తమ్మా, టీచరమ్మ ఆరు నెలలు దాటితే పెట్టొచ్చు అంటోంది. బాగా ఉడికించి కొంచెమే పెడతా. మీరే దగ్గరుండి చూడండి" అంది కోడలు. అత్త దగ్గరుండి చూసింది. పాపకు ఏమీ కాలేదు. వాదన పెట్టుకుంటే ఆ గుడ్డు పాప నోటిదాకా వచ్చేది కాదని నాకనిపిస్తుంది.

పప్పు కావాలి, పప్పు తేట కాదు

చాలా ఇళ్లలో పిల్లలకు పప్పు మీది తేట పోస్తారు. తేలిగ్గా అరుగుతుందని అంటారు. ఎనిమిది కిలోల పాప పొట్టలో ఒక పూటకు సుమారు పావు లీటరు పడుతుంది. అంత చిన్న పొట్టను తేటతో నింపితే నీళ్లతో నింపినట్టే. గిన్నె అడుగున ఉన్న పప్పే బలం. అన్నం, పప్పు మెత్తగా మెదపండి. చెంచాతో తీసి వంచండి. జారి కారిపోతే పలచన. చెంచా మీద నిలిస్తే సరైన పదును. అర చెంచా నెయ్యి గానీ నూనె గానీ వేయండి. నూనెలో బలం ఎక్కువ. మింగడానికి కూడా సులువు.

రాగులు ఉన్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించండి. ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. ఈ పిండితో కాచిన జావ గట్టిపడదు. అందుకని అంతే నీళ్లలో ఎక్కువ పిండి వేయొచ్చు. మొలకలో ఉన్న గుణం అది.

తోటకూర, పాలకూర, మునగాకు ఏది దొరికితే అది పప్పులోనే ఉడికించి మెదపండి. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. పులుపు ఉంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ తాగితే పట్టదు. పిల్లలకు టీ చుక్క కూడా వద్దు. మాంసం తినేవాళ్లు కాలేయం, ముల్లు తీసిన చేప మెత్తగా చేసి పెట్టొచ్చు. బొప్పాయి, అరటిపండు చేత్తో నలిపితే చాలు.

వేరే వంట అక్కర్లేదు. ఇంట్లో వండే కూరలో ఉప్పు, కారం వేయకముందే పాప వాటా తీసి పక్కన పెట్టండి.

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. అది పాప కోసం ఇచ్చింది. ఇంట్లో అందరూ ఉండలు చేసుకుని తినేస్తే పదిరోజుల్లో అయిపోతుంది! అందులో తీపి ముందే ఉంటుంది. మళ్లీ చక్కెర వేయకండి. అదొక్కటే పెట్టినా పాప తీపికే అలవాటు పడుతుంది. పప్పు, కూర కూడా ఉండాలి.

వేరుశనగ గింజలు, పుట్నాలు అలాగే పెట్టకండి. గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి కలపండి. ఏడాది లోపు తేనె నాకించకండి.

బలవంతం వద్దు

కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గు గొంతులో పోయడం మనం చూసిందే. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆపైన, గిన్నె చూస్తేనే పాప ఏడవడం నేర్చుకుంటుంది.

పాపను నిటారుగా కూర్చోబెట్టండి. ఎదురుగా మీరు కూర్చోండి. మాట్లాడండి. ముద్దలో చెయ్యి పెడితే పెట్టనివ్వండి. పారబోస్తుంది, నిజమే. కింద గుడ్డ పరచుకోండి. నోరు తెరిస్తే పెట్టండి. మొహం తిప్పుకుంటే ఆగండి. రెండోసారీ తిప్పుకుంటే ఆ పూటకు చాలు. సెల్‌ఫోను చూపిస్తూ పెడితే ముద్ద దిగుతుంది గానీ, తాను ఏం తింటున్నదో పాపకు తెలియదు. తెలియని రుచి అలవాటు ఎలా అవుతుంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నల్గొండ జిల్లాలో 60 ఊళ్లలో ఈ సంగతి పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కొన్ని ఊళ్లలో ఏం పెట్టాలో తల్లులకు చెప్పారు. ఇంకొన్ని ఊళ్లలో అదీ చెప్పి, బిడ్డ సైగలు చూసి ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. ఇలా నేర్చుకున్న తల్లుల పిల్లల తెలివితేటల ఎదుగుదల మెరుగ్గా కనిపించింది. మన జిల్లా తల్లులే, మన ఇళ్లలోని తిండే.

ఎంత పెట్టాలి?

ఆరు నెలలు నిండాక రెండు మూడు చెంచాలతో మొదలు. రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు, పూటకు పావు లీటరు గిన్నెలో సగం. మధ్యలో ఒక పండు ముక్క. తల్లిపాలు రెండేళ్ల దాకా ఇవ్వాలి. పెట్టే ముందు సబ్బుతో చేతులు కడగాలి. మీ చేతులు, పాప చేతులు కూడా.

ఆశా కార్యకర్త దగ్గర ఇనుము మందు సీసా ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు వేయాలి. అడగండి.

ఓపిక పట్టమన్నాను కదా అని అన్నిటికీ ఓపిక పట్టకండి. బరువు పెరగకపోయినా, కళ్లు, అరచేతులు తెల్లగా పాలిపోయినా, ముద్ద పెట్టిన ప్రతిసారీ దగ్గు వచ్చి ఉక్కిరిబిక్కిరి అవుతున్నా, పాలు కూడా తాగకుండా నీరసంగా పడి ఉన్నా డాక్టరుకు చూపించండి. అది మారాం కాకపోవచ్చు.

మా వాడ పాపకు ఇప్పుడు పదకొండో నెల. పప్పన్నం తింటుంది. గుడ్డు తెల్లసొన వదిలి పచ్చసొన తింటుంది. కార్డు మీద గీత మళ్లీ పైకి తిరిగింది. గుమ్మడికాయను మాత్రం ఇంకా ఉమ్మేస్తూనే ఉంది. క్యాలెండరులో 'మ్మ' లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. రేపు సంతలో ఇంకో ముక్క తెమ్మని అత్తే కొడుకుతో చెప్పింది.