కెమి నది – మూసిన వాకిలి

ఫిన్లండు దేశపటమున ఉత్తరార్ధమును చూచినచో కొమ్మలు చాచిన వృక్షమువంటి నది యొకటి కనిపించును. అది కెమియోకి. ఆ భాషలో 'యోకి' యనగా నదియే గనుక మనము దానిని కెమి నది యందము. పొడవు సుమారు 550 కిలోమీటర్లు. ఆ దేశమున ఇంతకంటె పొడవైన నది లేదు. దేశములో దాదాపు ఏడవవంతు నేలపై కురిసిన వానయు మంచును దీనిలోనికే చేరును.

రష్యా సరిహద్దునకు సమీపమున లాప్లండు అడవులలో పుట్టి, నైరృతి దిశగా పారి, ధ్రువవలయమునకు కొలది మైళ్ళ దక్షిణమున రొవానియెమి పట్టణమువద్ద ఔనస్ అను ఉపనదిని కలుపుకొని, కెమి పట్టణమువద్ద బోత్నియా సింధుశాఖలో కలియును. శీతకాలమున గడ్డకట్టు ఈ నది ఉరవడిని మే నెలలో చూడవలెను. మన నదులకు వానలు వరద తెచ్చును. దానికి ఎండ తెచ్చును.

చలికాలమున నరికిన దుంగలను ఆ వరదలో విడిచినచో బండ్ల అవసరము లేకయే కెమిలోని కోతమిల్లులకు చేరెడివి. ఈ పద్ధతి 1991 వరకు సాగెను. తీరగ్రామములకు అంతకంటె పాత కలిమి సాల్మన్ చేప. అది సముద్రమున పెరిగి, మన గోదావరి పులసవలెనే, గ్రుడ్లు పెట్టుటకు ఏటిలోనికి ఎదురీది వచ్చును.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1944లో వెనుదిరిగిన జర్మన్ సేనలు రొవానియెమిని కాల్చివేసినవి. సోవియట్ యూనియనుకు విడిచిన కరేలియాతో పెద్ద విద్యుత్కేంద్రములును పోయినవి. విద్యుచ్ఛక్తి లేనిదే దేశము లేచుట యెట్లు? నదీముఖమునకు కొంచెము ఎగువనే ఇసొహార ఆనకట్ట 1949 నాటికి ముగిసినది. తరువాత పెతాయస్కోస్కి, పిర్తికోస్కి మున్నగు కేంద్రములు వెలసినవి. 'కోస్కి' యనగా రాళ్ళపై నీటి పరవడి; పేర్లు మిగిలినవి గాని ఆ పరవళ్ళు లేవు. వరదనీటిని చలికాలమునకు దాచుటకై ఉపనదులపై 1967లో లొక్క, 1970లో పోర్తిపాహ్త జలాశయములు నిర్మించిరి. నిండిన లొక్క 400 చదరపు కిలోమీటర్లకు మించును. కొర్వనెన్, ముతెనియా, రియెస్తో గ్రామములవారు దానికొరకు ఊళ్ళు విడిచిరి.

ఇసొహారవద్ద చేపలకు తగిన దారి విడువలేదు. సముద్రమునుండి వచ్చిన సాల్మన్ ఆ గోడ క్రిందనే ఆగిపోయినది. వింత యేమనగా, 1983లో ఔనస్ నదిపై విద్యుత్కేంద్రములు కట్టరాదని శాసనము చేసిరి. ఇల్లంతయు తెరచియుంచి వాకిలి మూసినట్లయినది! అయినను చలిచీకటిలో దీపము కోరినవారిని నిందించుటకు మాకు నోరు రాదు. పొరుగున స్వీడన్ సరిహద్దుగా పారు టోర్నియో నది ప్రధానధారకు ఆనకట్టలు లేవు. అచట సాల్మన్ నేటికిని పైకి పోవుచున్నది.

1993లో ఇసొహారవద్ద చేపల మెట్లు కట్టిరి. ఎక్కినవి కొద్ది. అందుచేత కొన్ని చేపలను పట్టి, నీటితొట్టెలలో ఉంచి, ఆనకట్టలన్నిటిని రోడ్డుమీద దాటించి, ఔనస్ నదిలో విడుచు ప్రయత్నములు మొదలుపెట్టిరి.