టెక్సాస్ గడ్డిలో మన ఇర్రి

వ్యాన్ ఆగింది. అద్దం దించి చిన్నాయన చెయ్యి బయట పెట్టబోతుంటే కొడుకు ఆపాడు. "చేత్తో పెట్టగూడదు నాయనా, కిందికి విసురు." గుప్పెడు దాణా గుళికలు రోడ్డు పక్క గడ్డిలో రాలాయి. పదడుగుల దూరంలో నిలబడ్డ మగజింక మెడ దించలేదు. ముందు మావైపే చూసింది. నల్లని వీపు, తెల్లని పొట్ట, కళ్ల చుట్టూ సున్నంతో దిద్దినట్టు వలయాలు, మెలిపెట్టి పేనిన తాళ్లలా రెండు కొమ్ములు.

"ఇది ఇర్రి గదరా!" అన్నాడు చిన్నాయన. "మన చేలో పడే ఇర్రి. ఇది ఈడికెట్లొచ్చె?"

మేం వెళ్లింది ఫాసిల్ రిమ్ వైల్డ్‌లైఫ్ సెంటర్‌కి. డాలస్ నుంచి నైరుతి దిక్కుగా గంటన్నర ప్రయాణం, గ్లెన్ రోజ్ అనే చిన్న ఊరి పక్కన. ఒకప్పుడు ఒకరి సొంత రాంచ్. 1984లో జనాన్ని లోపలికి రానివ్వడం మొదలుపెట్టారు. సుమారు 1,800 ఎకరాల గుట్టలూ గడ్డిమైదానాలూ, వాటి మధ్య మెలికలు తిరిగే రోడ్డు. మన కారులోనే, మన అద్దాల వెనకే కూర్చుని నడక వేగంతో పోతుంటే జంతువులు ఎదురొస్తాయి, దాటిపోతాయి, దాణా వాసన పడితే కిటికీ దగ్గరికే వస్తాయి. ఇర్వింగ్‌లో పక్కపక్క అపార్టుమెంట్లలో ఉండే మేం ఏడుగురం ఒకే పెద్ద వ్యాన్ మాట్లాడుకుని, పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బా సర్దుకుని శనివారం తెల్లారేసరికే బయల్దేరాం. ఆరు నెలల వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చిన చిన్నాయనను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆయనది నంద్యాల జిల్లా మిడ్తూరు వైపు. శనగ, జొన్న వేసే రైతు.

ఆయన ముందు సీట్లో లేకపోతే అది మామూలు విహారమే అయ్యేది. ఫొటోలు తీసుకుని, తిని, తిరిగొచ్చేవాళ్లం. నాలుగేళ్ల కిందట ఒకసారి వచ్చినప్పుడు నాకు గుర్తుండిపోయింది జిరాఫీ ఒక్కటే. ఈసారీ అది వచ్చింది. మెడ వంచి తలను కిటికీ ఎత్తుకు దించితే వెనక సీట్లో పిల్ల ఊపిరి బిగబట్టింది. మూరెడు నాలుక, నేరేడుపండు రంగులో, గరుగ్గా. పిల్ల అరచేతిలోని గుళికల్ని ఒక్కటీ కింద పడకుండా చుట్టుకుపోయింది. చేత్తో పెట్టడానికి ఒప్పుకునేది దానికి ఒక్కదానికే. మిగతా అన్నింటికీ నేల మీదికి విసరాల్సిందే.

ఇర్రి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. వెనక కారు వాళ్లకు చెయ్యి ఊపి పక్కనుంచి పొమ్మన్నాం.

"కంటి కింద సూడండి" అన్నాడు చిన్నాయన. కంటి లోపలి మూలకు దగ్గరగా ఒక నల్లని గీత ఉంది. చూస్తుండగానే అది చీలికలా విచ్చుకుంది. జింక ఒక గడ్డిపోచను వెతుక్కుని, కొసను ఆ చీలికలో పెట్టి మెల్లగా రుద్దింది. అది వాసన గ్రంథి. 'ఈ జాగా నాది' అని మిగతా మగజింకలకు గడ్డిపోచ మీద రాసిపెట్టడం. నేను పుస్తకంలో చదివిన సంగతి చిన్నాయన చేనిగట్టు మీద చూసి నేర్చుకున్నాడు. మగది ఒకేచోట పేడ వేస్తుందనీ, ఆ కుప్పను చూస్తే అది ఎవరి రాజ్యమో తెలుస్తుందనీ ఆయనే చెప్పాడు.

ఈడికెట్లొచ్చెనన్న ఆయన ప్రశ్నకు జవాబుంది. 1932లో టెక్సాస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమికి ఈ ఇర్రుల్ని, అంటే కృష్ణజింకల్ని తెచ్చారు. ఎండ, పొట్టిగడ్డి, అడ్డులేని మైదానం వాటికి సరిపోయాయి. ఇప్పుడు ఈ రాష్ట్రంలోని రాంచ్‌లలో వేల సంఖ్యలో ఉన్నాయి. అదే కాలంలో చుక్కల జింకలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఒకటి, తెలంగాణ రాష్ట్ర జంతువు మరొకటి. రెండూ ఇక్కడి చట్టం దృష్టిలో పరాయి దేశపు పశువులు, భూమి ఎవరిదో జంతువూ వారిదే. డబ్బు తీసుకుని వేటాడనిచ్చే రాంచ్‌లూ ఉన్నాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కృష్ణజింకకు మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చింది. పాకిస్థాన్‌లో ఆ జాతి తుడిచిపెట్టుకుపోతే, 1970లలో లాల్ సుహన్రాలో మళ్లీ పెంచడానికి టెక్సాస్ నుంచే కొన్నింటిని పంపారు. పుట్టింటికి పరాయి దేశం నుంచి తిరిగివచ్చిన జంతువుల్లో ఇదొకటి.

చిన్నాయన ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి చెప్పాడు. శనగ మొలక లేచిన వారానికే మంద దిగుతుంది. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా వాయించాలి. "నలభై, యాభై ఒకేసారి పడతాయి. తెల్లారేసరికి పది సాళ్లు నున్నగా ఉంటాయి. కొడదామంటే కేసు. కొట్టబుద్దీ కాదులే, ఆ మొగం సూస్తే." ఆ చివరి మాట ఆయన జింక వైపు తిరిగి అన్నాడు. డబ్బులిచ్చి కొన్న దాణా సంచీ ఆయన ఒళ్లోనే ఉంది. మరో గుప్పెడు తీసి విసిరాడు.

దారి గుట్ట ఎక్కాక చీతాలు కనిపించాయి. వాటికి వేరే కంచె ఉంది. చెట్టునీడలో రెండు పడుకుని ఉన్నాయి, ముక్కుకు రెండువైపులా కన్నీటి చారల్లా నల్లగీతలు. మన పత్రికల్లో చిరుతకూ చీతాకూ తేడా లేకుండా రాసేస్తుంటారు. నాకది ఎప్పుడూ బాధే. చిరుత మన నల్లమలలో, తిరుమల కొండల్లో ఇప్పటికీ తిరుగుతుంది. చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి కునో జాతీయ పార్కుకి తెచ్చేదాకా అడవిలో ఒక్కటీ లేదు. మొగల్ పాదుషాలు చీతాలకు శిక్షణ ఇచ్చి, కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండ్ల మీద తీసుకెళ్లి కృష్ణజింకల మీదికి వదిలేవారు. ఇర్రి అంత వేగంగా పరుగెత్తడం నేర్చింది ఈ చీతా నుంచి తప్పించుకోవడానికేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. వేలయేళ్లు ఒకదాన్నొకటి తరిమిన ఆ రెండు జాతులూ ఇక్కడ ఒకే గుట్టమీద, కంచెకు అటూ ఇటూ. ఫాసిల్ రిమ్‌లో పుట్టిన చీతా కూనలు వందల్లో ఉన్నాయి. చీతా ఇక్కడ చూసిపోయే వింత మాత్రమే కాదు, పెంచి నిలబెట్టుకోవలసిన జాతి.

మధ్యాహ్నం గుట్టమీద కెఫే దగ్గర బల్ల చూసుకుని డబ్బాలు విప్పాం. కింద ఒరిక్స్‌ల మంద. కత్తుల్లా వెనక్కి వంగిన కొమ్ములున్న ఈ సహారా జింకలు అడవిలో మిగల్లేదని 2000లో తేల్చారు. బోనుల్లో, ఇలాంటి ఆవరణల్లో బతికినవాటి సంతానాన్నే 2016 నుంచి చాద్ దేశంలో మళ్లీ వదులుతున్నారు. ఆ మందను చూస్తూ తిన్న పెరుగన్నం నాకు గుర్తుండిపోతుంది.

తిన్నాక కాళ్లు సాగదీసుకుందామని నడుస్తుంటే ఒక బొమ్మ ముందు చిన్నాయన ఆగిపోయాడు. కోడికన్నా కొంచెం చిన్నదైన పక్షి. మెడకు రెండుపక్కలా నిమ్మపండ్లు కట్టినట్టు ఉబ్బిన పసుపు తిత్తులు, తలమీద కొమ్ముల్లా నిక్కిన ఈకలు. అది ఆట్‌వాటర్ ప్రెయిరీ చికెన్, గడ్డికోడి. టెక్సాస్, లూసియానా తీరమైదానాల్లో ఒకప్పుడు పది లక్షలదాకా ఉండేవని అంచనా. ఆ గడ్డి 60 లక్షల ఎకరాలు. వరిమళ్లూ ఊళ్లూ రోడ్లూ పరుచుకుపోయాక మిగిలింది నూటికి ఒకటో వంతు కూడా లేదు. 1967లోనే అంతరించే జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు అడవిలో రెండు వందలు కూడా లేవు.

1992 నుంచి ఫాసిల్ రిమ్‌లో వీటి గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచుతున్నారు. కొన్ని వారాల పిల్లల్ని హ్యూస్టన్‌కు పడమరన ఈగిల్ లేక్ దగ్గరి అభయారణ్యానికి తీసుకెళ్లి, అక్కడి గడ్డిలోనే దడి కట్టి పక్షం రోజులు అలవాటు చేసి వదులుతారు. ఇంత చేసినా నిలదొక్కుకోవడం కష్టంగా ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ ఎర్ర కొరివిచీమలు గడ్డిలోని పురుగుల్ని తినేస్తే పిల్లలకు మేత దొరకదు. 2017లో హార్వీ తుపాను వచ్చి నీళ్లలో ముంచేసింది. ఆ పెంపకం కొట్టాలు కార్లు తిరిగే దారిలో ఉండవు, మనుషుల అలికిడి పడకూడదు కాబట్టి. ఇక్కడ జరిగేవాటిలో అన్నిటికన్నా కష్టమైన పని గురించి, నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు నేను విననైనా వినలేదు.

"ఇది మా బట్టమేకకు తమ్ముడు మాదిరుండాదే" అన్నాడు చిన్నాయన.

మిడ్తూరు మండలంలోనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసమే 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి. పదిహేను కిలోలదాకా తూగే పక్షి, మీటరు ఎత్తు, ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ నేలమీద. రక్షణ దొరికాక జింకలు పెరిగాయి, చేలలోకి వచ్చాయి. బట్టమేక పిట్ట మాత్రం తగ్గుతూ తగ్గుతూ కనబడడం మానేసింది. చుట్టూ జొన్న, కొర్ర పోయి నీటి పైర్లు వచ్చాయి, గడ్డి చదును దున్నకాలలో కలిసిపోయింది. దేశం మొత్తంలో మిగిలినవి నూట యాభైకి లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. 2019 నుంచి జైసల్మేర్ దగ్గర వాటి గుడ్లు తెచ్చి పొదిగిస్తున్నారు. ఇక్కడ గడ్డికోడికి చేస్తున్నదీ అదే.

అడవి అనగానే మనకు చెట్లు కావాలి. గడ్డి ఉన్న నేలను బీడు అంటాం, బంజరు అంటాం, రెవెన్యూ పుస్తకంలో పోరంబోకు అని రాసుకుంటాం. అక్కడ మొక్కలు నాటితే పుణ్యమనుకుంటాం. బట్టమేకకు చెట్టు అక్కర్లేదు. నాలుగు దిక్కులా శత్రువు కనబడే చదును కావాలి. ఆ చదునుకు మన భాషలో ఒక గౌరవమైన పేరు లేకపోవడం నన్ను ఆ రోజు నుంచి తొలుస్తూనే ఉంది.

చిన్నాయన బొమ్మలోని పక్షి మెడ తిత్తుల్ని వేలితో చూపించాడు. "మాదానికి ఒకటే తిత్తి. ఇట్లా గొంతు కింద సంచీ మాదిరి జారుతాది." పిల్లలిద్దరూ దగ్గరికొచ్చారు. చిన్నప్పుడు వాన పడ్డాక జొన్నచేను పక్క బీటిలో పొద్దున్నే వినేవాడట. ఎంతో దూరం వినబడేదట.

"ఎట్లా కూసేది తాతా?"

ఆయన చుట్టూ చూశాడు. తర్వాత రెండు అరచేతులు నోటి ముందు దొప్పగా పట్టి, కళ్లు మూసుకుని, కడుపులోంచి తీసినట్టు లోతుగా ఊదాడు. హూ...మ్. పక్కబల్ల దగ్గరివాళ్లు తల తిప్పారు. ఆయన మళ్లీ ఊదాడు. పిల్లలు చేతులు దొప్పలు పట్టి నేర్చుకున్నారు. ఇర్వింగ్ చేరేదాకా వెనక సీట్లోంచి ఆ కూత వినబడుతూనే ఉంది. తప్పు వచ్చినప్పుడల్లా చిన్నాయన ముందు సీట్లోంచి దిద్దుతూ వచ్చాడు.