మాతృవంశీయ కుటుంబం: నాయర్ల తరవాడు

భార్యాభర్తలు, పిల్లలు ఒకే ఇంట్లో ఉంటేనే కుటుంబమని మనం సాధారణంగా భావిస్తాం. కేరళలోని నాయర్ల సంప్రదాయ కుటుంబం 'తరవాడు' ఇందుకు భిన్నమైనది. ఒకే మూలస్త్రీ నుంచి, స్త్రీల ద్వారా వచ్చిన సంతతి అంతా ఇందులో సభ్యులు. భర్త తన తల్లి తరవాడులోనే ఉంటూ, భార్య ఇంటికి వచ్చిపోయేవాడు. పిల్లల పోషణ బాధ్యత తండ్రిది కాదు, తల్లి తరవాడుదే.

అయితే దీన్ని మాతృస్వామ్యం అనుకోకూడదు. వంశం స్త్రీల ద్వారా సాగినా, ఉమ్మడి ఆస్తి నిర్వహణ 'కారణవన్' చేతిలో ఉండేది. అతడు ఆ ఇంటి పురుషుల్లో పెద్దవాడు. పిల్లలకు మేనమామ వరుస. ఉద్యోగాల ద్వారా సొంత సంపాదన పెరిగాక, చిన్నవారు వాటాలు కోరసాగారు. చివరకు 1975 నాటి కేరళ చట్టం ఉమ్మడి కుటుంబ వ్యవస్థను రద్దు చేసింది.

కాబట్టి ఏ కుటుంబాన్ని పరిశీలించినా వంశం ఎవరి ద్వారా, ఆస్తి ఎవరికి, అధికారం ఎవరిది అని విడివిడిగా ప్రశ్నించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మాతృవంశీయతకు, మాతృస్వామ్యానికి తేడా ఏమిటి?