నల్లరేగడిలో పచ్చికకు తడి: తేమమాపకముల వినియోగము

వర్ధానదీ తీరమునగల బల్లార్‌పూరు పట్టణము చంద్రపూర్ జిల్లాలోనిది. ఈ ప్రాంతమున మే నెల యెండ 45 డిగ్రీలు దాటుట సామాన్యము. వర్షములో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే కురియును. కాగితపు మిల్లు, బొగ్గుగనుల నాశ్రయించి పెరిగిన ఈ పట్టణమున పచ్చిక పెంచువారికి ప్రధాన సమస్య యొక్కటే: తడి యెప్పుడు పెట్టవలెను? ఎంత పెట్టవలెను?

దీనికి కంటిచూపు చాలదు. నల్లరేగడి పైపొర యెండి నెఱ్ఱెలు విచ్చినను, జానెడు లోతున వేళ్లకు చాలినంత తేమ యుండవచ్చును. చేతికి చల్లగా తగిలిన మట్టియే వేళ్లకు నీరీయకపోవచ్చును. రేగడిలోని బంకమంటి సూక్ష్మకణములు నీటిని గట్టిగా పట్టియుంచుటయే యిందుకు కారణము. కావున ఇసుకనేలలో గరికకు సమృద్ధియైన తేమశాతము రేగడిలో కఱవుగా పరిణమించును. నేలలో నీరెంత యున్నదనుట వేఱు; వేళ్లకెంత దక్కుననుట వేఱు.

తేమమాపకములు ముఖ్యముగా రెండు విధములు. టెన్షియోమీటరు అనునది సచ్ఛిద్రమైన మట్టిగిన్నె ద్వారమున నేల నీటిని లాగు బలమును కొలుచును. కాని సుమారు 80 సెంటీబార్లు దాటినచో పనిచేయదు. రెండవది విద్యుత్తు సాయమున కొలుచు సెన్సారు. నీటి డైఎలెక్ట్రిక్ స్థిరాంకము సుమారు 80, ఎండుమట్టిది 3 మొదలు 5, గాలిది 1. ఈ భేదమే దానికి ఆధారము. 1980లో టాప్, డేవిస్, అన్నన్ అను శాస్త్రజ్ఞులు ఈ స్థిరాంకమునకును తేమకును గల సంబంధమును సమీకరణముగా ప్రకటించిరి. బంకమన్ను అధికమైనచోట ఆ లెక్క తప్పవచ్చును గాన, హద్దులను ఆ నేలయందే నిర్ణయించుకొనవలెను.

అందుకు పద్ధతి సులభము. నేల తడిసి మెత్తబడియున్నపుడే సెన్సారును 10 సెంటీమీటర్ల లోతున బిగువుగా నాటవలెను; నెఱ్ఱెలలోని గాలి తగిలినచో అంకె తప్పును. పిదప నేలను బాగుగ తడిపి, రెండుమూడు దినములు ఆగి చూచిన అంకె పైహద్దు. ఆపై ఆరనీయగా, గరిక నీలివన్నెకు తిరిగి, త్రొక్కిన అడుగుజాడ లేవకుండ నిలుచునాటి అంకె క్రిందిహద్దు. దానిని చేరుటకు కొంత ముందే తెల్లవారుజామున తడి పెట్టవలెను. 30 సెంటీమీటర్ల లోతున మఱొక సెన్సారున్నచో, తడి పిమ్మట దాని అంకె పెరుగుట నీరు మించినదనుటకు గుర్తు.

నూఱు చదరపు మీటర్ల పచ్చికపై ఒక మిల్లీమీటరు నీరు 100 లీటర్లు. దినమునకు 5 మిల్లీమీటర్లు పెట్టు అలవాటు గలచోట, అక్కఱలేని తడి నొక్కదానిని మానినను 500 లీటర్లు మిగులును. బల్లార్‌పూరు ప్రక్కన పారు వర్ధ, వైనగంగతో కలిసి ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిని చేరును. దిగువ తెలుగునాట పైరులకును, త్రాగుటకును ఉపయోగపడునది ఆ నీరే. అందుచే తేమ నెఱిగి తడి పెట్టుట పచ్చికకే గాక, నదికిని మేలు.