చెవిలో బూజు - ఏ మందు వాడాలి?

వానాకాలంలో మూలన పెట్టిన చెప్పులకు బూజు పడుతుంది. చెవిలో కూడా అలాగే పడుతుంది. చెవి లోపల వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. బూజుకు ఇంకేం కావాలి? చెరువులో ఈదేవాళ్లకు, పుల్లతోనో పిన్నీసుతోనో చెవి గెలికేవాళ్లకు ఇది ఎక్కువ.

మొదట దురద. ఆగని దురద. తర్వాత చెవి దిబ్బడ వేస్తుంది, సరిగా వినపడదు. నొప్పి, రసి కూడా రావచ్చు. డాక్టరు లైటు వేసి చూస్తే తడిసిన కాగితం ముద్దలాంటిది కనిపిస్తుంది. దాని మీద నల్లని చుక్కలుంటాయి. కొందరికి విరిగిన పాలలా తెల్లగా ఉంటుంది.

చాలామంది మందుల షాపుకు పోయి "చెవిలో చుక్కల మందు ఇవ్వండి" అంటారు. చెవి మందులన్నీ ఒకటి కావు. చీముకు వేసే యాంటీబయాటిక్ చుక్కలు బాక్టీరియా అనే క్రిములను చంపుతాయి. బూజును చంపవు. పైగా అడ్డుగా ఉన్న క్రిములు పోయి బూజు ఇంకా పెరుగుతుంది. కొన్ని సీసాల్లో స్టీరాయిడ్ కూడా కలిపి ఉంటుంది. అది దురదను కాసేపు తగ్గిస్తుంది, బూజుకు మాత్రం మేలు చేస్తుంది. డబ్బూ పోతుంది, జబ్బూ ముదురుతుంది.

బూజును చంపే మందు క్లోట్రిమజోల్. చాలా రకాల బూజుల మీద పనిచేస్తుంది. మంట కూడా తక్కువే. మామూలుగా 10 నుంచి 14 రోజులు వేయాలి. దురద తగ్గిందని మూడో రోజే మానేస్తే మళ్లీ వస్తుంది. స్పిరిటులో కలిపిన బోరిక్ యాసిడ్ ఇంకో రకం. అది చెవిని ఆరబెడుతుంది, పుల్లదనంతో బూజును పెరగనివ్వదు. కానీ పుండు ఉంటే బాగా మండుతుంది. ఊదారంగు జెన్షన్ వయొలెట్ పాతకాలం మందు. పనిచేస్తుంది, కాకపోతే దిండుకూ బట్టలకూ రంగు అంటుకుంటుంది.

కర్ణభేరికి చిల్లు ఉంటే ఈ చివరి రెండు మందులూ వేయకూడదు. లోపలికి దిగి వినికిడిని చెడగొట్టవచ్చు. చిల్లు ఉందో లేదో పైకి తెలియదు. అందుకే ముందు డాక్టరు చూడాలి.

ఆ బూజు ముద్దను కూడా డాక్టరే తీయాలి. అది ఉండగా ఎంత మంచి మందు పోసినా అడుగుకు చేరదు. సగం వైద్యం ఆ శుభ్రం చేయడంలోనే ఉంది. ఇంట్లో వెల్లుల్లి నూనె కాచి పోస్తే చర్మం కాలుతుంది గానీ బూజు పోదు.

మందు సీసాను కాసేపు అరచేతిలో పట్టుకోవాలి. చల్లని మందు పోస్తే కళ్లు తిరుగుతాయి. చుక్కలు వేశాక 5 నిమిషాలు పక్కకు పడుకోవాలి. స్నానం చేసేటప్పుడు వ్యాజిలీను రాసిన దూది చెవిలో పెట్టుకోవాలి.

షుగరు జబ్బు ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టనంత చెవినొప్పి వచ్చినా, మూతి ఒక పక్కకు వంగినా, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ జబ్బు ఎముకకు పాకుతుంది.