కారు పైకప్పు ఎందుకు మొరాయించింది?

ఉక్క పోస్తుంటే మనం ఇంటి కిటికీలు తెరుస్తాం. కొన్ని కార్లకు ఏకంగా పైకప్పే తెరుచుకుంటుంది. వీటిని 'కన్వర్టిబుల్' కార్లంటారు. మన రోడ్ల మీద అరుదుగాని, అమెరికా, యూరప్ దేశాలలో వీటికి ఆదరణ ఎక్కువ. చాలా వాటిలో కప్పు గట్టి గుడ్డతో చేసి ఉంటుంది. దాని కింద మడతలు పడే లోహపు చట్రం ఉంటుంది. స్విచ్చి నొక్కితే అది గొడుగులా ముడుచుకొని సీట్ల వెనక ఒదిగిపోతుంది. 1939లో అమెరికాలోని ప్లిమత్ కారులో ఇంజను కల్పించే శూన్యం సాయంతో కప్పును కదిలించారు. తరువాత చాలా కార్లలో ఈ పని నూనెకు అప్పగించారు.

నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఇటువంటి పాత కారు కొనుక్కున్నాడు. ఒకరోజు ఫోను చేసి, "మాస్టారూ! కప్పు లేచేటప్పుడు ఎడమ పక్క వెనకబడి చట్రం మెలి తిరుగుతోంది. పంపు పాడైంది, మార్చాలంటున్నాడు మెకానిక్కు. చాలా ఖర్చట" అన్నాడు. "తొందరపడకు. పాస్కల్ సూత్రం జ్ఞాపకం ఉందా?" అని అడిగాను. చివరికి ఆ సూత్రమే వాడి డబ్బు మిగిల్చింది. ఎలాగో చూద్దాం.

నూనె కప్పును ఎలా ఎత్తుతుంది?

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ చెప్పిన ఈ సూత్రం ఆయన మరణానంతరం 1663లో అచ్చయింది.

కారులో ఒక విద్యుత్ మోటారు, దానికి తగిలించిన పంపు, నూనె తొట్టి, కప్పుకు రెండు పక్కలా రెండు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క సిలిండరుకు రెండు గొట్టాలు వస్తాయి. మోటారు ఒక వైపు తిరిగితే నూనె ముషలకం (పిస్టన్) కిందికి చేరి దాన్ని పైకి తోస్తుంది, కప్పు లేస్తుంది. మోటారు ఎదురు దిశలో తిరిగితే నూనె ముషలకం పైకి చేరి దాన్ని కిందికి నెడుతుంది; కప్పు ముడుచుకుంటుంది.

చిన్న లెక్క చేద్దాం. ముషలకం వ్యాసం 2.5 సెం.మీ. అనుకోండి. వైశాల్యం సుమారు 4.9 చ.సెం.మీ. నూనె పీడనం చ.సెం.మీ.కు 20 కిలోగ్రాములైతే, ఒక్కొక్క సిలిండరు సుమారు 98 కిలోల బరువును ఎత్తగలదు. బొటనవేలంత ముషలకానికి ఎంత బలమో చూశారా?

కప్పును దించేటప్పుడు మాత్రం ఇంత బలం రాదు. ముషలకానికి పైవైపున కడ్డీ ఉంటుంది కదా! కడ్డీ వ్యాసం 1 సెం.మీ. అయితే అది 0.8 చ.సెం.మీ. చోటు ఆక్రమిస్తుంది. మిగిలిన 4.1 చ.సెం.మీ. మీద పనిచేసే బలం 82 కిలోలే. అయినా ఇబ్బంది లేదు. దిగేటప్పుడు చాలావరకు కప్పు బరువే సాయపడుతుంది.

జబ్బును గుర్తించడం

వైద్యుడు మందు రాసే ముందు నాడి చూస్తాడు. ఇక్కడ ముందుగా చెవి పెట్టి వినాలి.

స్విచ్చి నొక్కితే చప్పుడే లేదా? లోపం నూనెది కాదు, విద్యుత్తుది. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, తీగలు వరుసగా పరీక్షించాలి. కప్పు ఒక దిశలో బాగా కదిలి, రెండో దిశలో మోటారు పలకనే పలకకపోతే స్విచ్చినో రిలేనో అనుమానించాలి.

మోటారు తిరుగుతున్నా కప్పు కదలడం లేదా? ముందు అద్దం చట్రం దగ్గర కప్పును పట్టి ఉంచే గొళ్ళేలు విప్పారో లేదో చూడండి. ఆ తరువాత తొట్టిలో నూనె మట్టం చూడాలి. కప్పు ఏ స్థితిలో ఉండగా మట్టం చూడాలో కారు పుస్తకంలో రాసి ఉంటుంది.

కప్పు గతుకుల బండిలా ఆగి ఆగి కదులుతూ, పంపు గరగరలాడుతోందా? నూనెలో గాలి చేరిందన్నమాట. ద్రవం దాదాపు కుంచించుకోదు. గాలి స్పంజిలా కుంచించుకుంటుంది. పంపు చేసే పనిలో కొంత గాలిని నొక్కడానికే ఖర్చవుతుంది. నూనె సరిపడా పోసి కప్పును కొన్నిసార్లు ఎత్తి దించితే గాలి తొట్టిలోకి వచ్చేస్తుంది. అయితే నూనె ఎందుకు తగ్గిందో కనిపెట్టకపోతే జబ్బు మళ్ళీ వస్తుంది. గొట్టాల అతుకుల దగ్గర, కడ్డీ బయటికి వచ్చేచోట తెల్లకాగితం అద్ది చూస్తే కారే చోటు తెలుస్తుంది.

ఒక పక్క వెనకబడితే?

ఇదే నా విద్యార్థి సమస్య. పంపు ఒక్కటే. అది రెండు సిలిండర్లకూ ఒకే నూనెను పంపుతుంది. పంపు నీరసిస్తే రెండు పక్కలా నీరసించాలి కదా! కాబట్టి దోషం ఎడమ పక్కనే ఉండాలి. అది గొట్టంలోనా, సిలిండరులోనా, చట్రం కీళ్ళలోనా?

కప్పును కర్రలతో భద్రంగా నిలబెట్టి, రెండు కడ్డీలనూ చట్రం నుంచి విడదీసి, స్విచ్చి నొక్కమన్నాను. కడ్డీలు రెండూ సమానంగా లేస్తే దోషం కీళ్ళది. కాని ఎడమ కడ్డీ అప్పుడూ ఆలస్యంగానే లేచింది. అంటే కీళ్ళు నిర్దోషులు. కాసేపు ఆగితే మాత్రం అది కుడిదాన్ని అందుకుంది. అంటే నూనె చేరుతోంది, కాని నెమ్మదిగా చేరుతోంది. వెతికితే సీటు కింద గొట్టం నలిగి మడతపడి ఉంది! గొట్టం మార్చాడు. కప్పు తిన్నగా లేచింది. పంపు దాని చోట అది హాయిగా ఉంది.

రెండు హెచ్చరికలు

కప్పు కింద దన్ను పెట్టకుండా కడ్డీగాని గొట్టంగాని విప్పకూడదు. బరువైన చట్రం ఒక్కసారిగా పడితే దాని కీళ్ళ మధ్య వేళ్ళు నలుగుతాయి. ఈ పని పెద్దలు, పని తెలిసినవారు చేయవలసిందే.

తయారీదారు చెప్పిన నూనె తప్ప మరొకటి పోయరాదు. కొన్ని పాత అమెరికన్ కార్లలో బ్రేకు ద్రవం వాడారు. అది గాలిలోని తేమను పీల్చుకొని సిలిండర్లకు తుప్పు పట్టిస్తుంది. ఒలికితే రంగును తినేస్తుంది. అలాగని దాని బదులు ఖనిజ నూనె పోస్తే, బ్రేకు ద్రవానికి తగినట్లు చేసిన రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. ఒక్క సీసా పొరపాటు మొత్తం యంత్రానికే చేటు!

మీరూ చేసి చూడండి

సూది తీసేసిన రెండు సిరంజిలను సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలిపి, గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది వెంటనే లేస్తుంది. ఇప్పుడు కొంచెం గాలి చొరనిచ్చి, రెండో సిరంజి మీద చిన్న బరువుంచి నొక్కండి. తేడా మీ వేలికే తెలుస్తుంది. తరువాత గొట్టాన్ని కొద్దిగా నొక్కిపట్టి చూడండి. నా విద్యార్థి కారు జబ్బు మీ చేతిలోనే కనబడుతుంది.

ఇసుక దింపే టిప్పరు లారీలో, పొలంలో నాగలిని ఎత్తే ట్రాక్టరులో పనిచేసేదీ ఈ సూత్రమే. ఈసారి టిప్పరు కనబడితే ఆగి సిలిండరును గమనించండి. ఇక ఒక ప్రశ్న: కప్పు ఎత్తినప్పటికీ దించినప్పటికీ తొట్టిలో నూనె మట్టం ఎందుకు మారుతుంది? జవాబు ఆ కడ్డీలోనే ఉంది. ఆలోచించండి!