319 ఎంబీ జేపెగ్‌కు 6.93 కోట్ల డాలర్లు.. బీపుల్ చీకటి బొమ్మల కథేంటి?

మీ ఫోన్‌లో ఉన్న ఓ సినిమా ఫైల్ కన్నా చిన్న సైజు. అయినా 2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో ఆ జేపెగ్ 6.93 కోట్ల డాలర్లు పలికింది. వేలం మొదలైంది మాత్రం 100 డాలర్ల దగ్గరే! దాని పేరు ‘ఎవ్రీడేస్: ది ఫస్ట్ 5000 డేస్’. చేసింది అమెరికాకు చెందిన మైక్ వింకెల్‌మన్, అదే నెట్‌లో అందరికీ తెలిసిన ‘బీపుల్’.

రోజుకో బొమ్మ

ఈయన చదివింది ఆర్ట్ కాదు, కంప్యూటర్ సైన్స్. 2007 మే 1న రోజుకో బొమ్మ పూర్తిచేసి అదే రోజు పోస్ట్ చేయాలని రూల్ పెట్టుకున్నారు. మొదట్లోవి పెన్నుతో కాగితంపై గీసిన మామూలు బొమ్మలే. సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటూ పోయేకొద్దీ అసలు స్టైల్ బయటికొచ్చింది. పాడుబడ్డ నేలపై కుళ్లిపోతున్న భారీ తలలు, విరిగిపడ్డ కార్టూన్ పాత్రలు, వాటి కింద చీమంత మనిషి.. చూస్తే నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది.

ఎలా చేస్తారు?

మెయిన్ టూల్ సినిమా 4డీ. అన్నీ సున్నా నుంచి తయారుచేయరు. రెడీమేడ్ 3డీ మోడల్స్ తెచ్చి సీన్‌లో పేరుస్తారు. జీపీయూతో నడిచే ఆక్టేన్ రెండరర్‌తో లైటింగ్ చూసుకుని, చివరి మెరుగులు ఫొటోషాప్‌లో దిద్దుతారు. ఇలాంటి బొమ్మల్లో భయం పుట్టించేవి ముఖ్యంగా రెండు. ఒకటి స్కేల్: పెద్ద ఆకారం పక్కన చిన్న మనిషి. రెండోది పొగమంచు: దూరంగా ఉన్నవి మసకబారితే మిగతాది మన మెదడే ఊహించుకుంటుంది.

కొన్నాయనకు ఏమొచ్చింది?

ఫైల్ రిజల్యూషన్ 21,069 x 21,069, అంటే సుమారు 44 కోట్ల పిక్సెల్స్. 4కే టీవీలు 53 పేర్చినంత! కానీ అందులో 5000 బొమ్మలున్నాయి కదా, లెక్కేస్తే ఒక్కోదానికి దక్కేది దాదాపు 300 x 300 పిక్సెల్సే. థంబ్‌నెయిల్ సైజన్నమాట.

పైగా ఆ బొమ్మను ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. కొన్న విఘ్నేశ్ సుందరేశన్‌కు దక్కింది బ్లాక్‌చెయిన్‌లో ఓనర్‌గా రికార్డు చేసే ఎన్‌ఎఫ్‌టీ టోకెన్. కాపీరైట్ రాలేదు. బీపుల్ అయితే తనకొచ్చిన ఈథర్‌ను త్వరగానే డాలర్లలోకి మార్చేసుకున్నారు.

మనకేంటి?

ఎన్‌ఎఫ్‌టీ హడావిడి చల్లారింది. పనికొచ్చేది ఆ 5000 రోజుల అలవాటే. సినిమా 4డీ కొనే బడ్జెట్ లేదా? బ్లెండర్ పూర్తిగా ఉచితం. ఓ క్యూబ్, ఓ లైట్, కాస్త పొగమంచు పెట్టి ఈ రాత్రే మొదలుపెట్టండి. ఓ చిన్న టిప్: పూర్తయ్యాక బొమ్మను రెండు మూడు ఫోన్లలో చూడండి. మీ మానిటర్‌లో కనిపించిన చీకటి డీటెయిల్స్ కొన్ని స్క్రీన్లపై ఉత్త నల్లమచ్చలా మారిపోతాయి. మొదటి బొమ్మ బాగా రాకపోయినా పర్లేదు, బీపుల్‌కీ రాలేదు!